వియర్‌డేల్ గని ఊరి మందిరం: రెండున్నర శతాబ్దాల సింహావలోకనం

ఇంగ్లండు ఉత్తర భాగంలో, డర్హం కౌంటీకి పడమటి కొసన, పెన్నైన్ కొండల నడుమ పుట్టి తూర్పు సముద్రానికి సాగిపోయే నది వియర్. ఆ నది తొలి మజిలీ వియర్‌డేల్ లోయ. లోయ ఎగువ కొసకు దగ్గరలో ఐర్‌షోప్‌బర్న్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ రోడ్డు పక్కనే రాతి గోడలతో, ఏ ఆర్భాటమూ లేని ఒక పాత కట్టడం కనిపిస్తుంది. దాని పేరు హైహౌస్ చాపెల్. 1760లో మెథడిస్టులు కట్టుకున్న ప్రార్థనా మందిరం అది. 2019లో తలుపులు మూసేదాకా వారం వారం ఆరాధన జరుగుతూనే వచ్చిందనీ, ప్రపంచంలో ఇంతకాలం ఎడతెగని ఆరాధన చూసిన మెథడిస్టు మందిరం మరొకటి లేదనీ ఆ లోయవాళ్లు చెప్పుకునేవారు. కొండ దాటితే పక్క లోయ టీస్‌డేల్‌లో, న్యూబిగ్గిన్ ఊళ్లో, దాదాపు అదే ఏడాది లేచిన మరో మందిరం ఉంది. ప్రాచీనత విషయంలో ఆ ఊరివాళ్ల వాదన ఆ ఊరివాళ్లది. అన్నదమ్ముల వంటి ఆ పోటీని అలా ఉంచి, హైహౌస్ గోడల వెనుక నడిచిన రెండువందల యాభై తొమ్మిదేళ్ల చరిత్రను ఒక్కసారి వెనుదిరిగి చూస్తే కనిపించేది ఒక మతశాఖ చరిత్ర మాత్రమే కాదు. తవ్విన గని తమది కాదు, కొండ తమది కాదు, వేటాడబోతే అడవిపిట్ట కూడా తమది కాదు అన్న స్థితిలో ఉన్న కూలిజనం తమదంటూ ఒక కట్టడాన్ని లేపి, దాన్ని నడుపుకుంటూ, తమను తాము నడుపుకోవడం నేర్చుకున్న వైనం అందులో ఉంది.

ఈ కథకు పునాది సీసం. వియర్‌డేల్ కొండల కడుపులో సున్నపురాతి పొరల మధ్య సీసపు ఖనిజం నిలువు నరాల్లా పరుచుకుని ఉంది. అందులో కొద్దిపాటి వెండి కూడా కలిసి ఉంటుంది. మధ్యయుగాల నుంచీ డర్హం బిషప్పులు ఆ ప్రాంతానికి మతపెద్దలే కాక పాలకులు కూడా. రాజుకు ఉండే అధికారాల్లో చాలా భాగం వారికి ఉండేవి. ఎగువ వియర్‌డేల్ వారి వేట అడవి. భూమి కింద ఖనిజం మీద హక్కూ వారిదే. పదిహేడవ శతాబ్దం చివరినాటికి న్యూకాజిల్ వర్తకులైన బ్లాకెట్ కుటుంబం ఈ గనులను కౌలుకు తీసుకుంది. తర్వాత వివాహబంధం వల్ల ఆ ఆస్తి బోమాంట్ కుటుంబానికి సంక్రమించింది. దాదాపు రెండు శతాబ్దాలు వియర్‌డేల్ సీసానికి ఆ కుటుంబమే యజమాని. ఇళ్ల కప్పులకు రేకులు, నీటి గొట్టాలు, తెల్లరంగు, తుపాకీ గుండ్లు, అన్నిటికీ సీసమే కావలసిన రోజులవి. యుద్ధం వస్తే ధర లేచేది, సంధి కుదిరితే పడేది. లోయలో పొయ్యిలు వెలగడం, ఆరిపోవడం ఆ ధర మీదే ఆధారపడి ఉండేది.

గనిలో పని నడిచే పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. అక్కడి గనివాడు రోజుకూలీ కాదు. నలుగురో ఆరుగురో ఒక జట్టుగా చేరి, మూడు నెలలకోసారి కంపెనీ ఏజెంటుతో బేరం కుదుర్చుకునేవారు. ఫలానా చోట తవ్వి తీసిన ఖనిజానికి ఇన్ని షిల్లింగులని ముందే ఒప్పందం. నెలనెలా తిండిఖర్చులకని కంపెనీ కొంత ముందుగా ఇచ్చేది. ఏడాది చివర లెక్క చూసినప్పుడు నరం బాగా పండి ఉంటే చేతికి నాలుగు డబ్బులు, లేకపోతే అప్పు. అందుకే చాలా కుటుంబాలకు కొండవాలులో రెండు మూడెకరాల గడ్డినేల, ఒక ఆవు ఉండేవి. గని దూరమైతే వారమంతా అక్కడి వసతిగదుల్లోనే గడిపేవారు. ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు, ఆరని తడిబట్టలు, పొయ్యి పొగ. ఇంటిమొహం చూసేది శనివారమే. రాతిధూళి పీల్చి పీల్చి, నడివయసుకే ఊపిరాడని జబ్బుతో కన్నుమూసేవాళ్లు ఎందరో. ఇలా బేరమాడి బతికే జనానికి లెక్కలు తెలుసు, జట్టుగా మెలగడం తెలుసు, మాట ఇచ్చి నిలబెట్టుకోవడం తెలుసు. లేనిదల్లా ఆ శక్తులను తమ కోసం వాడుకునే చోటు.

ఊరి చర్చి ఆ చోటు కాలేకపోయింది. ఎగువ లోయంతా స్టాన్‌హోప్ పారిష్ కిందికి వచ్చేది. గనిలో తీసిన ఖనిజంలో పదోవంతు దశమభాగంగా ఆ పారిష్ పెద్దకు చెల్లేది. ఆ రాబడి వల్ల స్టాన్‌హోప్ పదవి ఇంగ్లండులోకెల్లా సిరిగల పదవుల్లో ఒకటని పేరుపడింది. 1725 నుంచి 1740 దాకా ఆ పదవిలో ఉన్నవాడు జోసెఫ్ బట్లర్. 1736లో వెలువడి ఆంగ్ల మతతత్వ గ్రంథాల్లో శాశ్వత స్థానం పొందిన ‘అనాలజీ ఆఫ్ రెలిజియన్’ ఆయన రచన. ఆయన మేధావి, ధర్మాత్ముడు. అయినా పారిష్ చర్చికీ, మైళ్ల కొద్దీ ఎగువన చీకటి సొరంగంలో ఉన్న గనివాడికీ నడుమ దూరం అలాగే మిగిలింది. చరిత్రలో అరుదుగా తటస్థించే విచిత్రం ఒకటి ఇక్కడ ఉంది. ఇదే బట్లర్ బ్రిస్టల్ బిషప్పుగా ఉన్నప్పుడు, 1739లో, మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీని పిలిపించి అతని బోధనా పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టాడు. తన పరిధిలో బోధించడానికి నీకు అనుమతి లేదు, వెళ్లిపొమ్మన్నాడు. వెస్లీ వెళ్లలేదు. బట్లర్ 1750లో డర్హం బిషప్పు అయ్యాడు, 1752లో చనిపోయాడు. బట్లర్ ఒకనాడు పెద్దగా ఉన్న ఆ లోయలోనికి వెస్లీ గుర్రమెక్కి వచ్చింది కూడా 1752లోనే.

వెస్లీ గనివాళ్లకు కొత్తవాడు కాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి ఇంగ్లండు చర్చిలో అభిషేకం పొందిన పాదిరి ఆయన. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటంలో కలిగిన అంతరంగానుభవం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. మరుసటి ఏడు బ్రిస్టల్ దగ్గర ఆరుబయట బోధించడం మొదలుపెట్టాడు. కింగ్స్‌వుడ్ బొగ్గుగనుల కూలీలు ఆయన తొలి శ్రోతల్లో ఉన్నారు. 1742లో న్యూకాజిల్ చేరి, నగరంలో నిరుపేదలు నివసించే శాండ్‌గేట్ వీధిలో నిలబడి కీర్తన ఎత్తుకున్నాడు. ఉత్తరాదిలో ఉద్యమానికి ఆ నగరం కేంద్రమైంది. అక్కడి నుంచి వియర్‌డేల్‌కు దారి తీసినవాడు మాత్రం వెస్లీ కాదు, క్రిస్టఫర్ హాపర్. డర్హం జిల్లాలోనే రైటన్ ప్రాంతంలో 1722లో పుట్టి, బడిపంతులుగా ఉండి, సంచార బోధకుడైన హాపర్ 1740ల చివర్లో చలికాలపు మంచులో కొండలు దాటి ఎగువ లోయకు వచ్చాడు. విన్నవాళ్లు కొందరు ఒక కూటంగా ఏర్పడ్డారు. ఆ తర్వాతే వెస్లీ రాక. ఐర్‌షోప్‌బర్న్‌లో ఒక ముళ్లచెట్టు కింద నిలబడి బోధించాడని ఆ లోయలో తరతరాలుగా చెప్పుకుంటారు. 1752కూ 1790కీ మధ్య ఆయన పదమూడుసార్లు ఆ లోయకు వచ్చినట్టు లెక్క. చివరిసారి వచ్చేనాటికి ఎనభై ఆరేళ్ల వృద్ధుడు.

1760లో మందిరం లేచింది. ఆనాటికి దేశంలో మెథడిస్టులకు సొంత కట్టడాలు చాలా తక్కువ. పట్టణాల్లో ఉన్నవి కొన్ని, కొండపల్లెల్లో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వెస్లీ తన అనుచరులను పారిష్ చర్చికి దూరం కావద్దని జీవితాంతం బతిమాలుకున్నవాడు. అందుచేత ఈ మందిరాన్ని మొదట చర్చికి పోటీగా ఎవరూ తలచలేదు. ఇది బోధ వినే ఇల్లు. బాప్తిస్మానికీ, ప్రభు భోజనానికీ, పెళ్లికీ, మట్టికీ పారిష్‌కే వెళ్లాలి. అయితే చర్చికి బిషప్పు ఉన్నాడు, పోషకులున్నారు, దశమభాగం ఉంది. మందిరానికి ఉన్నది సభ్యుల చేతిచిల్లర. 1742లో బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికని ఒక ఏర్పాటు పుట్టింది. పన్నెండుమంది చొప్పున ఒక జట్టు, దానికొక నాయకుడు, వారానికి తలా ఒక పెన్నీ. అప్పు వసూలుకు పుట్టిన ఆ జట్టే త్వరలో మెథడిస్టు జీవితానికి మూలకందమైన క్లాస్ మీటింగ్ అయింది. నాయకుడు వారం వారం ప్రతి ఒక్కరి యోగక్షేమం అడగాలి, తప్పటడుగు పడితే మందలించాలి, జబ్బుపడితే చూడబోవాలి, పెన్నీ లెక్క రాయాలి. సంచార బోధకుడు కొన్ని వారాలకోసారి మాత్రమే వచ్చేవాడు. మిగతా ఆదివారాల్లో ప్రసంగించేది స్థానిక ప్రసంగీకులే. శనివారం దాకా సొరంగంలో సుత్తి పట్టిన మనిషి ఆదివారం ప్రసంగ వేదిక ఎక్కేవాడు. జట్టుగా బేరమాడే గనివాడికి ఈ పద్ధతి కొత్తగా తోచలేదు. తన పనిలో అలవాటైన సమిష్టితనం తన ఆత్మ విషయంలోనూ పనికివస్తుందని అతనికి ఇట్టే అర్థమైంది. వియర్‌డేల్‌లో మెథడిజం అంత లోతుగా నాటుకోవడానికి కారణాలు వెదికేవారు దీన్ని ముందు గమనించాలి.

మందిరం పుట్టిన పదకొండేళ్లకు లోయను పెద్ద ఉజ్జీవం కుదిపింది. 1771 వేసవిలో విలియం హంటర్ వంటి బోధకుల రాకతో కదలిక మొదలైంది. దాన్ని పిల్లల్లోకి తీసుకెళ్లింది జేన్ సాల్కెల్డ్ అనే బడిపంతులమ్మ. 1772 జూన్‌లో వియర్‌డేల్ వచ్చిన వెస్లీ ఆమె దగ్గర చదువుకునే పిల్లల సంగతి తన దినచర్యలో వివరంగా రాసుకున్నాడు. అంతకు కొన్నేళ్ల ముందు ఎవర్టన్‌లో చెలరేగిన ఉజ్జీవంతో దీన్ని పోల్చి చూసి, వియర్‌డేల్‌లో జరిగినది మరింత లోతైనదని తేల్చాడు. పిల్లల పారవశ్యాన్ని ఈనాటి పాఠకుడు కొంత సందేహంగా చూడవచ్చు. కానీ చరిత్రకారుడికి ఇందులో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, గని పల్లెలో ఒక ఉపాధ్యాయురాలు ఒక ఉద్యమానికి నాయకురాలిగా పేరుకెక్కడం. రెండవది, మందిరంతో పాటే బడి ఎదగడం. బైబిలు చదవాలంటే అక్షరం రావాలి, కీర్తన పాడాలంటే పుస్తకం చూడాలి. ఖనిజాన్ని కడిగి వేరుచేసే పని మగపిల్లలది. నీళ్లు గడ్డకట్టే చలికాలంలో ఆ పని ఆగిపోయేది. ఆ నెలల్లోనే గని ఊరి పిల్లలు నాలుగు అక్షరాలు నేర్చుకునేవారు.

1791లో వెస్లీ మరణంతో మెథడిస్టుల ఇల్లు కొత్త దశలో ప్రవేశించింది. 1795 నాటి ఒడంబడికతో, కోరుకున్న మందిరాల్లో ప్రభు భోజనం ఇచ్చే వీలు కలిగింది. చర్చి ప్రాంగణానికీ మందిరానికీ మధ్య పాత తాడు అలా నెమ్మదిగా తెగింది. తర్వాతి ముప్పై ఏళ్లు లోయకు కష్టకాలం. నెపోలియన్ యుద్ధాలు ముగియగానే సీసం ధర పడిపోయింది. 1818 డిసెంబరు 7న స్టాన్‌హోప్ పట్టణంలో పెద్ద ఘర్షణ జరిగింది. బిషప్పు కొండల మీద అడవికోళ్లను వేటాడారన్న నేరం మీద గనివాళ్లను పట్టుకోగా, లోయ జనం సత్రం మీద విరుచుకుపడి బందీలను విడిపించుకున్నారు. స్టాన్‌హోప్ పోరని దానికి పేరు, దాని మీద పాటలు కట్టుకున్నారు. ఆకలి ఒక పక్క, యజమాని మీద కసి ఒక పక్క రగిలిన ఆ రోజుల్లో, అప్పటికే కాస్త మర్యాదస్థురాలైన వెస్లియన్ శాఖ స్వరం కొందరికి మెత్తగా వినిపించింది.

ఆ ఖాళీలోకి వచ్చినవారు ప్రిమిటివ్ మెథడిస్టులు. 1807 మే 31న స్టాఫర్డ్‌షైర్ సరిహద్దున మౌకాప్ కొండ మీద జరిగిన బహిరంగ ప్రార్థనా శిబిరం నుంచి పుట్టిన శాఖ అది. హ్యూ బోర్న్ అనే వడ్రంగి, విలియం క్లోస్ అనే కుమ్మరి పనివాడు దాని మూలపురుషులు. వెస్లియన్ పెద్దలు వద్దన్న ఆరుబయటి బోధను, స్త్రీల ప్రసంగాలను వారు వదులుకోలేదు. 1820ల తొలి సంవత్సరాల్లో థామస్ బాటీ వియర్‌డేల్‌కు వచ్చాడు. మొదట కొన్నాళ్లు ఫలితం కనిపించలేదు, ఆ తర్వాత లోయంతా అంటుకుంది. ఆయనకు ‘వియర్‌డేల్ అపొస్తలుడు’ అన్న పేరు నిలిచిపోయింది. వెస్ట్‌గేట్ గ్రామం ఆ శాఖకు కోట అయింది. అక్కడ 1871లో కట్టిన పెద్ద మందిరం ఈనాటికీ ఆ వైభవానికి సాక్షి. ఇక ఆ తర్వాత ఎగువ లోయలో ప్రతి ఊళ్లో వెస్లియన్ మందిరం ఒకటి, ప్రిమిటివ్ మందిరం ఒకటి. పాటల్లో పోటీ, టీ విందుల్లో పోటీ, సండే స్కూలు వార్షికోత్సవాల్లో పోటీ. హైహౌస్ వెస్లియన్ పక్షాన పెద్దదిక్కుగా నిలిచింది. చీలిక బలహీనత అని పైకి తోస్తుంది గానీ, గని ఊళ్లలో దాని ఫలితం వేరు. మందిరాలు రెట్టింపైతే ధర్మకర్తలు, కోశాధికారులు, ప్రసంగీకులు, పాట నేర్పేవారు, బడి నడిపేవారు కూడా రెట్టింపయ్యారు. బాధ్యత మోసిన భుజాల సంఖ్య పెరిగింది.

పంతొమ్మిదో శతాబ్దపు నడుమ భాగం మందిర జీవితానికి మధ్యాహ్నం. 1845 నుంచి 1871 దాకా బోమాంట్ గనులకు ప్రధాన ఏజెంటుగా పనిచేసిన థామస్ సోప్‌విత్ క్రమశిక్షణ మనిషి. గనుల్లో పని వేళలు బిగించాడు, బడులు కట్టించాడు, పిల్లల చదువు మీద కన్ను వేసి ఉంచాడు. కంపెనీ కోరిన నియమమూ, మందిరం నేర్పిన నియమమూ చాలా చోట్ల కలిసిపోయాయి. మద్యనిషేధ సంఘాలు, పఠనాలయాలు, పరస్పర సహాయ నిధులు మందిరాల చుట్టూ అల్లుకున్నాయి. కానీ ఆ రెండు నియమాలు ఒకటి కావని కూడా అప్పుడే తేలింది. 1849లో పక్క లోయలోని అలెన్‌హెడ్స్‌లో సోప్‌విత్ నిఘాకు వ్యతిరేకంగా గనివాళ్లు సమ్మెకు దిగారు. సమ్మె ఓడింది, ఎన్నో కుటుంబాలు అమెరికాకు ఓడ ఎక్కాయి. కిన్నెయిర్డ్ ప్రభువు అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1864లో సీసపు గనుల్లో గాలి సరిగా ఆడకపోవడం, ధూళి, ఊపిరితిత్తుల జబ్బు గురించి నివేదించింది. లోయలో వితంతువుల ఇళ్లకు ఆ సంగతి నివేదిక రాకముందే తెలుసు. భర్త పోయిన ఇంటికి మొదట వచ్చేది క్లాసు నాయకుడు. ఆ పాత మందిరాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో మార్చి, పెంచి, పెరిగిన సంఘానికి తగ్గట్టు తీర్చిదిద్దుకున్నారు. 1760 నాటి గోడలను పడగొట్టి కొత్త సౌధం కట్టాలన్న మోజు ఎన్నో ఊళ్లలో గెలిచింది, ఐర్‌షోప్‌బర్న్‌లో గెలవలేదు. ఈ మందిరం ప్రాచీనత మనకు దక్కింది అందువల్లే.

ఈ శిఖరం నుంచి దిగడం వేగంగానే జరిగింది. 1870ల నుంచి స్పెయిన్, అమెరికా సీసం చవకగా వచ్చిపడింది. 1880ల తొలినాళ్లలో బోమాంట్ కుటుంబం వియర్‌డేల్ కౌలు వదులుకుంది. కొత్త కంపెనీ కొన్ని గనులను నడిపినా పాత రోజులు తిరిగి రాలేదు. కుటుంబాలకు కుటుంబాలు మూట కట్టుకున్నాయి. కొందరు సముద్రాలు దాటారు. ఎక్కువమంది నది వెంబడి దిగువకు, తూర్పు డర్హం బొగ్గుగనులకు నడిచారు. వెంట తీసుకెళ్లింది సామాను మాత్రమే కాదు. సభ నడపడం, తీర్మానం రాయడం, చందా లెక్క చెప్పడం, పదిమంది ముందు తొణకకుండా మాట్లాడటం కూడా వెంట వెళ్లాయి. డర్హం బొగ్గుగనుల్లో అప్పటికే ఆ విద్య వేళ్లూనుకుని ఉంది. 1831లో ఉత్తరాది గనికార్మికులను ఒక సంఘంగా కూడగట్టిన థామస్ హెప్‌బర్న్ ప్రిమిటివ్ మెథడిస్టు ప్రసంగీకుడు. 1869లో ఏర్పడిన డర్హం గనికార్మికుల సంఘం నాయకుల్లో మందిరం నీడన ఎదిగినవారు ఎందరో. వారిలో జాన్ విల్సన్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. పదేళ్ల వయసులో గనిలోకి దిగి, తర్వాత మెథడిస్టు ప్రసంగీకుడైన పీటర్ లీ, 1919లో డర్హం కౌంటీ కౌన్సిల్‌కు లేబర్ పార్టీ తరఫున అధ్యక్షుడయ్యాడు. బ్రిటన్‌లో లేబర్ పార్టీ చేతికి వచ్చిన తొలి కౌంటీ కౌన్సిల్ అదే. పీటర్‌లీ అనే కొత్త పట్టణం పేరు ఆయనదే. 1871 నుంచి డర్హం నగరంలో ఏటా జరిగే గనికార్మికుల మహోత్సవంలో బ్యాండు వెనుక నడిచే పట్టు జెండాల మీద బైబిలు దృశ్యాలు, వాక్యాలు కనిపించడం యాదృచ్ఛికం కాదు.

ఇక్కడే చరిత్రకారుల మధ్య పాత తగవు ఒకటి ఉంది. ఇంగ్లండులో ఫ్రెంచి విప్లవం వంటిది రాకపోవడానికి మెథడిజమే కారణమని ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో ఫ్రెంచి చరిత్రకారుడు ఎలీ అలెవీ వాదించాడు. ఇ. పి. థాంప్సన్ 1963లో వెలువరించిన ఆంగ్ల శ్రామికవర్గ చరిత్రలో, ఫ్యాక్టరీ యజమానికి కావలసిన లొంగుబాటును మందిరం నేర్పిందని తీవ్రంగా విమర్శించాడు. మెథడిస్టు కుటుంబంలో పుట్టినవాడు కనుక ఆయన కోపంలో ఇంటివాడి వేడి ఉంది. వియర్‌డేల్ చరిత్ర ఈ రెండు వాదాలకూ కొంత చోటిస్తూనే రెంటినీ సరిదిద్దుతుంది. మందిరం మనిషిని తాగుడు మాన్పింది, వేళకు పనికి పంపింది, ఓర్పు బోధించింది. అంతవరకు కంపెనీకి లాభమే. అదే మందిరం అతనికి కాగితం, కలం, వేదిక, ఓటు కూడా ఇచ్చింది. దేశంలో గనికార్మికుడికి పార్లమెంటు ఓటు రాకముందే, తన మందిరపు సభలో అతను చెయ్యెత్తి నిర్ణయాలు చేశాడు. ఓర్పు, పాలన రెండూ ఒకే బల్ల మీద నేర్చుకున్నవాడు ఎప్పుడు దేన్ని వాడాలో తానే తేల్చుకున్నాడు.

లోయలో మిగిలినవారి కథ నిశ్శబ్దంగా సాగింది. స్టాన్‌హోప్ దాకా 1862లో వచ్చిన రైలు వియర్‌హెడ్ చేరేసరికి 1895 అయింది. సీసం దాదాపు ముగిసిపోయిన వేళ అది. అయితే పాత గనివాళ్లు పనికిరాదని గుట్టలు పోసిన ఫ్లోర్‌స్పార్ అనే రాయి, ఉక్కు తయారీకి కావలసివచ్చి, ఇరవయ్యో శతాబ్దంలో లోయకు మరో ఉపాధి అయింది. 1932 సెప్టెంబరులో వెస్లియన్, ప్రిమిటివ్, యునైటెడ్ మెథడిస్టు శాఖలు ఒక్కటై నేటి మెథడిస్టు సంఘం ఏర్పడింది. నూరేళ్ల పైబడిన పోటీ కాగితం మీద తీరిపోయింది. ఊళ్లలో మాత్రం ఒకే వీధిలో ఒకే సంఘానికి రెండేసి మందిరాలు మిగిలాయి. ఏది ఉంచాలి, ఏది మూయాలి అన్న ప్రశ్న తర్వాతి ఎనభై ఏళ్లు వదలలేదు.

ఆ కలయికల ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగు నేలను తలచుకోక తప్పదు. ఇంగ్లండు పల్లె మందిరాల్లో కానుకల పెట్టెల్లో పడిన పెన్నీలతో నడిచిన వెస్లియన్ మిషన్ 1879లో నిజాం రాజ్యంలోకి వచ్చింది. విలియం బర్జెస్ దానికి ఆద్యుడు. తర్వాత వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్ కేంద్రంగా పనిచేశాడు. ఆయన కట్టించిన మెదక్ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. వియర్‌డేల్ మందిరంలో లేని గోపురం, రంగుటద్దాలు, విశాలత దానికి ఉన్నాయి. కానీ ఇంతకంటె పెద్ద విశేషం 1947 సెప్టెంబరు 27న జరిగింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. మెథడిస్టుల మెదక్, ఆంగ్లికన్ల దోర్నకల్ రెండూ అందులో ఉన్నాయి. అంటే బిషప్పు చర్చి, వెస్లీ మందిరం తెలుగు నాట ఒకే చూరు కిందికి వచ్చాయి. వాటి పుట్టింట అది సాధ్యం కాలేదు. ఇంగ్లండులో ఆ రెండు సంఘాల ఐక్యతా ప్రయత్నం 1969లో ఒకసారి, 1972లో మరోసారి ఓటులో వీగిపోయింది. బట్లర్, వెస్లీల మధ్య బ్రిస్టల్‌లో మొదలైన ఎడం వియర్ ఒడ్డున మిగిలిపోయింది, మంజీర ఒడ్డున పూడింది.

ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో లోయ మరింత పలచబడింది. 1953లో ప్రయాణికుల రైలు ఆగింది. 1999లో చివరి ఫ్లోర్‌స్పార్ గని మూతపడింది. 2002లో ఈస్ట్‌గేట్ సిమెంటు కర్మాగారం ఆగిపోయింది. పిల్లలు చదువుకు, కొలువుకు పట్టణాలకు వెళ్లారు. బెంచీల మీద తలలు నెరిశాయి, తర్వాత తగ్గాయి. కప్పు మరమ్మతుకు, వెచ్చదనానికి అయ్యే ఖర్చు కొద్దిమంది మీద పడింది. 2019లో హైహౌస్ మందిరంలో ఆరాధన నిలిచిపోయింది. అలాగని కట్టడం అనాథ కాలేదు. దాని పక్కన పాదిరి నివాసంగా ఉన్న ఇంట్లో 1980ల నుంచి స్థానికులే నడుపుతున్న వియర్‌డేల్ మ్యూజియం ఉంది. గనివాడి ఇంటి సామగ్రి, వెస్లీకి సంబంధించిన వస్తువులు, లోయ కుటుంబాల వంశవివరాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఆ మ్యూజియమే మందిరాన్ని తన చేతిలోకి తీసుకుంది. అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి తాతముత్తాతల పేర్లు వెదుక్కుంటూ వచ్చేవారికి ఆ రికార్డులే దారి చూపుతున్నాయి. 1760లో గనివాళ్లు తమ చిల్లరతో లేపిన ఇంటిని ఇరవై ఒకటో శతాబ్దంలో మళ్లీ ఊరివాళ్లే నిలుపుకోవడం గమనించదగ్గ కొనసాగింపు.

మొత్తం మీద తీర్పు చెప్పాలంటే, హైహౌస్ ఆరాధన ముగిసినంత మాత్రాన ఓడిపోలేదు. ప్రసంగీకులను కన్నది, వారిలో నుంచి కార్మిక నాయకులు వచ్చారు. చదువు చెప్పింది, దానితో పిల్లలు ఖండాలు దాటారు. ఇవన్నీ మనకు తెలియడానికి కారణం ఒక్కటే. ఆ గనివాళ్లు లెక్కల పుస్తకాలు, క్లాసు పట్టీలు, సభల మినిట్సు రాసి పెట్టారు, వారి మనుమలు వాటిని పారేయలేదు. మనకూ గని ఊళ్లు ఉన్నాయి. యెల్లందులో, కొత్తగూడెంలో, బెల్లంపల్లిలో బొగ్గు తవ్విన తొలి తరాలు కట్టుకున్న గుళ్లు, మసీదులు, చర్చిలు, భజన మందిరాలు, కార్మిక సంఘాల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాటిని ఎవరు కట్టారో, చందా ఎవరు వసూలు చేశారో, మొదటి లెక్క ఎవరు రాశారో చెప్పగల ముసలివాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వారి మాట వినండి, పాత పద్దుపుస్తకాలు దొరికితే దాచండి, రాయగలవారు రాయండి.